గూడ్సు డబ్బాకి రెండో పక్క

బాన్సువాడకి రైలు లేదు. రైలు చూడాలని ముచ్చటపడితే బస్సెక్కి బోధన్ పోవాలి. అలాంటి ఊళ్ళో, బస్టాండు ఎదురు వరసలో, ఎరువుల దుకాణానికీ చాయ్ హోటలుకీ మధ్య ఇరుక్కుని ఉన్న గడియారాల దుకాణంలో, ఒక గాజు బీరువా నిండా ముప్పై ఒక్క గూడ్సు డబ్బాలు నిలబడి ఉండేవి. ఒక్కొక్కటి ఒకటిన్నర అగ్గిపెట్టె పొడుగు. డాల్డా టిన్నులు కత్తిరించి, మడిచి, సీసం కరిగించి మాటు పెట్టి చేసినవి. చక్రాలకి ఇత్తడి గుండీలు. రేకు వెనకనుంచి సూదితో ఒక్కొక్క చుక్కే నొక్కి తేల్చిన రివెట్లు. చేసినవాడు ఆ దుకాణం యజమాని పండరి.

గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిన కొత్తవాళ్ళు బీరువా చూసి ముందు నోరు తెరిచేవారు, తరవాత తప్పకుండా ఒకే ప్రశ్న అడిగేవారు.

"ఇంజనేది పండరన్నా?"

ఇంజను లేదు. చేసే ఉద్దేశమూ లేదు. ఇంజనంటే పండరికి పెద్ద గౌరవం ఏమీ ఉండేది కాదు.

"ఇంజను అందరు చూస్తరు. డబ్బాను ఎవరు చూస్తరు చెప్పు" అనేవాడు, కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే.

ప్యాసింజరు పెట్టెలంటే కూడా అంతే చిన్నచూపు. వాటిలో ఉండేది మనుషులే కదా, మనుషులు బస్సులో కూడా ఉంటారు అని అతని వాదన. గూడ్సు డబ్బా అలా కాదు. తలుపు మూసి ఉంటుంది. లోపల బొగ్గుందో, ఎరువుందో, చక్కెరుందో తెలియదు. ఎక్కడినుంచి వచ్చిందో దాని ఒంటి మీద తెల్ల అక్షరాల్లో రాసి ఉంటుంది, చదవడం వచ్చినవాడికి మాత్రమే అర్థమవుతుంది. పండరికి ఆ గుట్టంటే ఇష్టం. గడియారం వెనక మూత తెరిచేటప్పుడు ఎలా ఒళ్ళు జలదరిస్తుందో, గూడ్సు డబ్బాని చూసినా అలాగే ఉండేదట.

ఈ పిచ్చి పట్టుకున్నది అరవై తొమ్మిదిలో. ఆ ఏడు తెలంగాణ కోసం బందుల మీద బందులు. పండరికి అప్పుడు ఇరవై ఏళ్ళు. తండ్రితో కలిసి చెరుకు బండి తోలుకుని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయాడు. ఫ్యాక్టరీ ముందు బండ్ల వరస ఎక్కడిదక్కడే ఆగిపోయింది. తూకం లేదు, దింపడం లేదు, వెనక్కి పోవడానికి దారీ లేదు. మూడు పగళ్ళు ఎద్దులకి మేత వేస్తూ, చెరుకు నములుతూ కూర్చున్నారు. బండ్ల వరస పక్కనే ముళ్ళతీగ కంచె, కంచె అవతల పట్టాలు, పట్టాల మీద మీటరు గేజి గూడ్సు బండి. అదీ ఆగిపోయే ఉంది. మిగతావాళ్ళు పేకాడారు. పండరి గూడ్సు డబ్బాల్ని చూశాడు. మొదటి రోజు ఊరికే చూశాడు. రెండో రోజు లెక్కపెట్టాడు. మూడో రోజు ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన చెరుకు చీటీ వెనక పెన్సిలుతో బొమ్మ వేశాడు. కడ్డీలు, గొళ్ళాలు, తలుపు జారే పట్టీ, కింద చక్రాల పక్కన పొడుగ్గా పడుకున్న చేతి బ్రేకు పిడి, ఏదీ వదలలేదు. ఆ చీటీ దుకాణం గోడకి అద్దం కట్టి వేలాడుతూ ఉండేది, దేవుడి పటాలకి కాస్త కింద.

తరవాత నిజామాబాదులో గడియారాల పని నేర్చుకున్నాడు, బాన్సువాడలో దుకాణం పెట్టాడు, గంగమణిని పెళ్ళి చేసుకున్నాడు. డబ్బాలు చేస్తూనే ఉన్నాడు. ఏటా చెరుకు కాలంలో ఒక రోజు దుకాణం మూసి, బోధన్ పోయి, అదే కంచె పక్కన, అదే చోట నిలబడి చూసి వచ్చేవాడు. గంగమణి ఆ రోజుకి సద్ది కట్టి ఇచ్చేది.

"కొందరు తిరుపతి పోతరు" అనేది పక్కింటివాళ్ళతో. "మా ఆయనకు బోధనే."

తనలాంటి పిచ్చివాళ్ళు ఇంకా ఉన్నారని పండరికి డెబ్బై ఆరులో తెలిసింది. నిజామాబాదులో హరనాథబాబు అనే కాలేజీ లెక్చరరు ఉండేవాడు. వర్ని కాలువ కింద పొలాలు కొనుక్కుని వచ్చిన కోస్తా కుటుంబం వాళ్ళది. గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చి, బీరువా ముందు గంటసేపు నిలబడిపోయాడు. ఆయన ఇంట్లో ప్యాసింజరు పెట్టెల బొమ్మలు మంచం కింద దాకా ఉన్నాయి. ఆయన పూనుకుని తనతో, పండరితో కలిపి తొమ్మిదిమందిని పోగేశాడు. అందరూ పెద్దవాళ్ళే, అందరూ ఇళ్ళలో తిట్లు తినేవాళ్ళే. మూడు నెలలకొకసారి హరనాథబాబు సైక్లోస్టయిలు మీద 'చిన్నపట్టాలు' అని నాలుగు పేజీల పత్రిక తీసి పోస్టులో పంపేవాడు. కొత్తగా ఎవరైనా రైలు బొమ్మ తయారుచేసి అమ్మకానికి పెడితే, నమూనా ఒకటి తెప్పించి సభ్యుల్లో ఒకరికి పంపేవారు. ఆయన పదిహేను రోజులు దగ్గర పెట్టుకుని, చూసి, అభిప్రాయం రాయాలి. అచ్చయిన పత్రిక మొదటి కాపీ మర్యాదకి ఆ తయారుచేసినవాడికే పోయేది. అదీ పద్ధతి.

రెండేళ్ళు తిరిగేసరికి అభిప్రాయం రాయడమంటే పండరే అన్నట్టు అయిపోయింది. కారణం అతని భూతద్దం. మిగతావాళ్ళు 'చాలా అందంగా ఉన్నది' అని రాసేచోట పండరి 'ఎడమ తలుపు మీద రివెట్లు పదకొండు ఉండాలి, తొమ్మిది ఉన్నవి' అని రాసేవాడు. చివర ఒకే ఒక్క మాట. బాగుంటే 'తీసుకోండి'. బాగాలేకపోతే 'ఆగండి'. ఆగండి అంటే తొమ్మిదిమందీ ఆగేవారు, వాళ్ళని అడిగి కొనేవాళ్ళూ ఆగేవారు. పండరికి ఆ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు గానీ, ఆ మాట రాసేటప్పుడు కలం కాస్త గట్టిగానే నొక్కేవాడు.

ఎనభై మూడు జనవరిలో ఒక పార్సెలు వచ్చింది.

పోస్టుమాను ఇచ్చి వెళ్ళాక పండరి దాన్ని వెంటనే విప్పలేదు. ముందు చెవి దగ్గర పెట్టి ఊపాడు. చప్పుడు లేదు. అంటే బాగా సర్దారు. పైన 'బి. ఎస్. మాడల్స్, సికింద్రాబాద్' అని రబ్బరు ముద్ర. పేరు ఎప్పుడూ విననిది. తాడు కోయకుండా ముడి విప్పాడు. లోపల ఊక, ఊకలో పాత చీర గుడ్డ, గుడ్డలో రెండు డబ్బాలు. ఒకటి పైకప్పు ఉన్నది, ఒకటి లేనిది.

పండరి రెండింటినీ వెలుతురులో పెట్టి చూశాడు. అప్పటిదాకా వచ్చిన బొమ్మలన్నీ బొంబాయి పెద్ద రైళ్ళవి, లేకపోతే దేశం కాని దేశం రైళ్ళవి. ఇవి మీటరు గేజివి. బోధన్‌లో కంచె అవతల నిలబడేవే.

"ఇగో, ఇటు రా" అని లోపలికి కేకేశాడు. దుకాణం వెనకే ఇల్లు. గంగమణి పిండి చేతులతో వచ్చింది.

"ఏంది, మళ్ళ డబ్బాలేనా?"

"ఇది మన డబ్బా. మన లైను మీదిది."

గంగమణి వంగి చూసింది. "నువ్వు చేసినవి గిట్ల లేవు గదా" అంది. "ఇది నిజందాని లెక్కనే ఉంది."

ఆ మాట కొంచెం గుచ్చుకుంది. గుచ్చుకున్నా నిజమేనని పండరి ఒప్పుకున్నాడు, మనసులో. కప్పున్నదాని బరువు చేతిలో సరిగ్గా ఉంది, పైకప్పు మీద నొక్కితే రేకు లోపలికి పోలేదు. బల్ల మీద వేలితో చిన్నగా తోస్తే గడియారాల పెట్టె దాకా దొర్లి, దానికి తగిలి ఆగింది. చక్రాలు ఎక్కడా పట్టుకోలేదు. తలుపు గోటితో జరిపితే జరిగింది. జరిగి, అసలుదానిలాగే చివర కాస్త మొండికేసింది. ఇలా మొండికేసేలా చేయడం చేతకానివాడి పని కాదని పండరికి తెలుసు, ఎందుకంటే తన ముప్పై ఒక్కదానిలో ఒక్క తలుపూ జరగదు. రంగు ఎర్రమన్ను రంగు. కొత్తరంగులా మెరవకుండా ఎండకి ఎండినట్టుంది. భూతద్దం పెట్టి అక్షరాలు చదివాడు. బరువు, ఖాళీ బరువు, మళ్ళీ మరమ్మతు తారీఖు. అక్షరాలన్నీ ఒక్క వెంట్రుక కుంచెతో రాసినవి. రాసిన చెయ్యి ఆడమనిషి చెయ్యేమో అనిపించింది. ముగ్గు పెట్టే చేతికి వచ్చే తిప్పులు ఆ అంకెల్లో ఉన్నాయి.

రెండు రోజులు దుకాణంలో గడియారాలు నడవలేదు. వచ్చినవాళ్ళని రేపు రమ్మన్నాడు. ఈ బి. ఎస్. ఎవరు, ఇంత తెలిసినవాడు ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడు, రివెట్లు ఎలా తేల్చాడు, ఇదే ఆలోచన. కప్పు కింద గాలి పోయే కంతలు కూడా ఉన్నాయి. అవి బోధన్‌లో పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా పండరి కళ్ళకి ఎప్పుడూ ఆనలేదు. అసూయ పడలేదని అనలేం, కానీ ఆశ్చర్యం ముందు అసూయ ఎక్కువసేపు నిలవలేదు.

మూడో రోజు డబ్బాని తిప్పి రెండో పక్క చూశాడు. అక్కడ దొరికింది.

చేతి బ్రేకు పిడి. గూడ్సు డబ్బా కింద, పక్కవాటుగా, మనిషి నడుము ఎత్తుకి కాస్త కిందగా పొడుగాటి ఇనప పిడి ఒకటి ఉంటుంది. దాన్ని కిందికి నొక్కితే చక్రాలకి బ్రేకు పడుతుంది. రెండు పక్కలా ఉంటుంది. పండరి అరవై తొమ్మిదిలో వేసిన బొమ్మలో అది కుడిచేతి వైపుకి ఉంది. పిడి రెండో పక్కన కూడా ఉంటుందని పండరికి తెలుసు. లోపల ఒకే కడ్డీ కదా, అది అటునుంచి ఇటు దూసుకుని వస్తుంది కదా, అందుకని రెండు పిడులూ డబ్బాకి ఒకే కొసన ఉండాలి, అంటే అవతలి పక్కకి పోయి చూస్తే ఎడమచేతికి కనిపించాలి. అతని లెక్క అది. తన ముప్పై ఒక్క డబ్బాలకీ అలాగే పెట్టాడు. ఈ కొత్త డబ్బాకి మాత్రం రెండు పక్కలా కుడివైపే ఉంది.

పండరికి నవ్వు వచ్చింది. అయ్యో పాపం అనుకున్నాడు. ఇంత చేసినవాడు ఇక్కడ బద్ధకించాడు, ఒకే అచ్చుని రెండు పక్కలా వాడేశాడు. గంగమణి అన్న మాటకి మందు దొరికినట్టయింది. ఆ సాయంత్రమే అభిప్రాయం రాశాడు. మూడు పేజీలు మెచ్చుకున్నాడు, మనస్ఫూర్తిగానే. నాలుగో పేజీలో, 'కానీ చేతి బ్రేకు పిడి ఒక పక్కన తారుమారైనది. గూడ్సు డబ్బాని శ్రద్ధగా చూసినవారెవరూ ఈ పొరపాటు చేయరు. సరిచేసేదాకా ఆగండి' అని ముగించి, మర్నాడు పొద్దున్నే పోస్టులో వేశాడు. నమూనాలు ఇంకా కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకోవచ్చు కనక బల్ల మీదే పెట్టుకున్నాడు.

పన్నెండో రోజున హీరాబాయి వచ్చింది.

హీరాబాయిది ఊరి బయట తండా. యాభై ఏళ్ళుంటాయి. చెరుకు కాలంలో రోజూ మొదటి బస్సుకి బోధన్ పోయి, చక్కెర ఫ్యాక్టరీ పట్టాలకి అవతల, గోదాము వైపున, సరుకు దింపేసిన గూడ్సు డబ్బాల్ని ఊడ్చే పని చేసేది. పొద్దున లేవడానికి ఒక టైంపీసు పెట్టుకుంది, దాని గంట మోగడం మానేసింది. కొంగులో చుట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నడుస్తుంది అన్నా, మొత్తుకుంటలేదు."

పండరి మూత విప్పుతున్నాడు. హీరాబాయి చూపు డబ్బా మీద పడింది. అడగకుండానే రెండు చేతుల్లోకి తీసుకుంది. తలుపు జరిపింది, లోపలికి తొంగి చూసింది, మూలల్లోకి ఉఫ్ అని ఊదింది. ఇన్నేళ్ళలో ఆ దుకాణంలో ఎవరూ గూడ్సు డబ్బాని అలా చూడలేదు. తరవాత బల్ల మీద పెట్టి బొటనవేలితో పిడి నొక్కింది. డబ్బాని తిప్పింది, రెండో పక్కన పిడి నొక్కింది.

"మంచిగ చేసినవ్ అన్నా" అంది.

"నేను చెయ్యలే అక్కా. పట్నం నుంచి వచ్చింది. ఆ పక్కన తప్పున్నది దాంట్ల."

"ఏం తప్పు?"

"పిడి ఎడమ దిక్కుండాలె."

హీరాబాయి మళ్ళీ తిప్పి చూసింది. "లేదు. మా గోదాం దిక్కు గిట్లనే ఉంటది."

"బండ్ల దిక్కు కుడికి ఉంటది, నేను చూసిన. మరి గోదాం దిక్కు ఎడమకే రావాలె గదా?"

"ఆ దిక్కు గూడ గిట్లనే. ఎటు నిలవడ్డ కుడిచేతికే దొరుకుతది."

పండరి ఓపిగ్గా, కంటి అద్దం తీసి, లోపలి కడ్డీ సంగతి వివరించాడు. ఒకే కడ్డీ అన్నాక రెండు కొసలూ ఒకచోటే తేలాలని వేలితో బల్ల మీద గీసి చూపించాడు. హీరాబాయి అంతా విన్నది.

"లోపల ఏమున్నదో నాకేం తెలుసన్నా" అంది. "పిడి ఎక్కడున్నదో తెలుసు. ఒకపారి మేం ఊడుస్తుంటే డబ్బా కదిలింది. సోనాబాయి కింద ఉండె, పట్టాల నడుమ. నేను ఉరికి పిడి మీద పడ్డ. అప్పుడు ఎడమ ఏదో కుడి ఏదో దేవులాడుకుంటమా? ఎటు దిక్కు ఉన్నోళ్ళకు అటు దిక్కు కుడిచేతికి దొరకాలె. గట్లనే పెట్టిండ్రు."

పండరి డబ్బాని మళ్ళీ తిప్పి చూశాడు.

"నువ్వు ఎన్నిసార్లు చూసినవన్నా, మా గోదాం దిక్కు?"

ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడూ కంచె పక్కనుంచే. పద్నాలుగేళ్ళలో ఒకే డబ్బా చుట్టూ ఒక్కసారైనా తిరిగి రాలేదు. పండరికి తను రాసిన నాలుగో పేజీ కళ్ళముందు కనబడింది. శ్రద్ధగా చూసినవారెవరూ ఈ పొరపాటు చేయరు.

అయినా మొండిమనిషి. కళ్ళతో చూస్తే తప్ప నమ్మనన్నాడు. "పొద్దుగాల నాతోని రా" అంది హీరాబాయి. టైంపీసు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

మర్నాడు మొదటి బస్సులో ఇద్దరూ బోధన్‌లో దిగారు. హీరాబాయి అతన్ని కంచె చివరి దాకా నడిపించుకుపోయి, పట్టాలు దాటించి, గోదాము వైపుకి తీసుకుపోయింది. ఖాళీ చేసిన డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. పండరి ఒకదాన్ని ఎంచుకుని దాని అంకె మనసులో పెట్టుకున్నాడు. ఈ పక్కన నిలబడ్డాడు. పిడి కుడిచేతికి ఉంది. వరస చివరి దాకా నడిచి, చుట్టు తిరిగి, కంచె వైపుకి వచ్చి అదే అంకె ఉన్న డబ్బా ముందు నిలబడ్డాడు. కుడిచేతికే ఉంది. మళ్ళీ తిరిగి వచ్చాడు. మూడుసార్లు తిరిగాడు. మూడోసారి వంగి కిందికి చూశాడు. లోపల, కడ్డీ అవతలి కొసన, చేతి వేలంత చిన్న ఇనప తునక ఒకటి ఉంది. దానివల్లే రెండో పిడి దిశ మారుతోంది. ఆ ఒక్క తునక తన బుర్రకి ఎప్పుడూ తట్టలేదు.

సిగ్గేసింది. కానీ సిగ్గుకన్నా ముందు, ఓహో ఇలాగా అనిపించింది. అది దాచుకోలేని సంతోషం. ఆ తునకని వేలితో తడిమి చూసి, మసి అంటిన వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. ఆ తరవాతే పత్రిక గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ప్యాసింజరు పట్టుకుని నిజామాబాదు వెళ్ళాడు. హరనాథబాబు వరండాలో కూర్చుని కొత్త సంచికలకి పై కాగితాలు చుడుతున్నాడు.

"రండి పండరి గారూ. ఈసారి మీ అభిప్రాయం అద్భుతం. ఆ పిడి సంగతి ఎవరికి తడుతుందండీ."

పండరి కూర్చోకుండానే చెప్పేశాడు. హరనాథబాబు చుట్టడం ఆపాడు.

"చూడండి, స్టెన్సిలు మళ్ళీ కోయాలంటే వారం పడుతుంది. ఇంతకీ అంతా అటు తిప్పి చూసేదెవరు? వచ్చే సంచికలో చివర చిన్న సవరణ వేద్దాం. మీ పేరు పోకుండా."

"మూడు నెలలు ఆగుతరు గదా సార్, అందరు. ఆగండి అని నేనే రాసిన."

"మరేం చేద్దామంటారు?"

"కలం ఇవ్వున్రి."

ఎనిమిది కాపీలు ఉన్నాయి. ఎనిమిదింటిలోనూ నాలుగో పేజీ అడుగున, చేత్తో, ఇలా రాశాడు: 'రెండో పక్క నేను ఎన్నడూ చూడలేదు. పిడి సరిగ్గానే ఉన్నది. తప్పు నాది. తీసుకోండి. పండరి.' కలం నొక్కకుండా రాశాడు. ఆఖరి కాపీ అయ్యాక తల ఎత్తి, "తొమ్మిదోది?" అని అడిగాడు.

"తయారుచేసినాయనకి వెళ్ళిపోయిందిగా. ఐదు రోజులైంది."

పండరి అక్కడే కార్డు అడిగి తీసుకుని, సికింద్రాబాదుకి అదే మాట రాసి పోస్టులో వేసి ఇల్లు చేరాడు. పని అయిపోయిందనుకున్నాడు.

రెండు రోజులకి సికింద్రాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. అతని కార్డు అందకముందే రాసినది. అక్షరాలు పెద్దవిగా, జాగ్రత్తగా ఉన్నాయి.

'పండరి సారుకు భద్రు నమస్కారాలు. నేను రైల్వే వర్కుషాపులో ఫిట్టరును. పద్దెనిమిదేండ్ల సంది గూడ్సు డబ్బాల కిందనే నా పని. మీ పత్రిక నా భార్య గౌరీబాయి చదివి వినిపించింది. డబ్బాల మీద అంకెలు రాసేది గూడ తనే. మీరు అంత మెచ్చుకున్నందుకు మా ఇద్దరికి కండ్లల్ల నీళ్ళొచ్చినయి. పిడి సంగతి మీరు చెప్పినంక మల్ల ఆలోచన చేసిన. నాకు చేతికి తెలిసింది తప్ప కాగితం మీది నక్ష చదువ రాదు. మీరు నక్షలు చూసి రాసి ఉంటరు. అందుకని మిగిలిన ఇరవై నాలుగు డబ్బాలకు ఒక పక్క పిడి ఊడదీసి ఎడమకు పెట్టినం. ఇద్దరం కూర్చుంటే మూడు దినాలు పట్టింది. ఇప్పుడు మీరు చెప్పినట్టే ఉన్నవి. చూసి మంచిగున్నదని రాయగలరు.'

పండరి ఉత్తరం రెండుసార్లు చదివాడు. గంగమణి వచ్చి "ఏమైంది" అంటే ఉత్తరం ఆమె చేతికిచ్చాడు. తన తప్పు కాగితం మీదే ఉందనుకున్నాడు, కలంతో దిద్దేస్తే పోతుందనుకున్నాడు. అది పోయి ఇరవై నాలుగు డబ్బాలకి అతుక్కుంది. తెలిసినవాడి చేతనే తెలిసిన పని చెడగొట్టించాడు. పండరి జీవితంలో అంత బాధపడ్డ రోజు ఇంకోటి లేదని గంగమణి తరవాత చెప్పేది.

"ఇప్పుడేం చేస్తవ్?" అంది ఆమె.

"పోవాలె."

"పో మరి. సద్ది కడత" అంది గంగమణి. ఈసారి ఎగతాళి చేయలేదు.

పనిముట్ల సంచీ, మాటు వేసే కడ్డీ, భూతద్దం, రెండు నమూనా డబ్బాలు పట్టుకుని సికింద్రాబాదు వెళ్ళాడు. వర్కుషాపు వెనక గల్లీలో భద్రుది ఒక గది ఇల్లు. సన్నగా, పొట్టిగా, తనకన్నా ఐదారేళ్ళు పెద్దవాడు. పండరి పేరు చెప్పగానే కంగారుపడిపోయి తన కుర్చీ ఇచ్చి తాను నిలబడ్డాడు. కార్డు అప్పటికి అందింది. అది కిటికీలో పెట్టి ఉంది.

"అన్నా, నీకు తెలుసు గదా" అన్నాడు పండరి. "పద్దెనిమిదేండ్ల సంది రోజు ఆ పిడి పట్టుకుంటవు. మరెందుకు మార్చినవ్?"

భద్రు గౌరీబాయి వైపు చూశాడు, తరవాత నేల వైపు చూశాడు.

"అచ్చులో రాసిన్రు గదా సార్" అన్నాడు.

పండరి కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాడు. చాప మీద ఇరవై నాలుగు డబ్బాలు వరసగా పెట్టించాడు. రెండు రోజులు ఆ గదిలోనే ఉండి, ఒక్కొక్క పిడీ వేడిచేసి ఊడదీసి, తిరిగి కుడికి మాటు పెట్టాడు. భద్రు వద్దన్నా వినలేదు. కాలిన రంగు మీద గౌరీబాయి మళ్ళీ రంగు వేసింది. మధ్యమధ్యలో పండరి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. తలుపు చివర మొండికేసేలా ఎలా చేశావు, గాలి కంతలు దేనితో పొడిచావు. భద్రు సిగ్గుపడుతూ ఒక్కొక్కటే చూపించాడు. రెండో రోజు సాయంత్రానికి సార్ అనడం మానేసి అన్నా అన్నాడు.

తొమ్మిదిమందీ తీసుకున్నారు. అందులో పండరిది ఒకటి.

బాన్సువాడకి వచ్చాక మొదట చేసిన పని హీరాబాయి టైంపీసు. గంట మోగేలా చేసి, ఆమె వచ్చేదాకా ఆగకుండా తండాకి తనే తీసుకుపోయి ఇచ్చాడు. తరవాత గాజు బీరువా తెరిచాడు. అంత నేర్చుకుని వచ్చాక తన ముప్పై ఒక్క డబ్బాలనీ సరిచేస్తాడని గంగమణి అనుకుంది. చేయలేదు. ఒక్కొక్కదాన్నే తీసి వెనక్కి తిప్పాడు. ఇన్నేళ్ళూ గోడ వైపుకి ఉన్న రెండో పక్క, ఎడమకి పిడి ఉన్న పక్క, బజారు వైపుకి పెట్టాడు. మధ్యలో ఖాళీ చేసి భద్రు డబ్బాని నిలబెట్టాడు.

ఆ తరవాత కూడా 'చిన్నపట్టాలు' చాలా ఏళ్ళు వచ్చింది. పండరి అభిప్రాయాలు రాస్తూనే ఉన్నాడు. ఆగండి అనే మాట రాయవలసి వస్తే మాత్రం ముందు బస్సెక్కేవాడు.

ఎనభై ఏడులో ఒకసారి రైల్వేలో పనిచేసి దిగిపోయిన ముసలాయన ఒకడు చేతిగడియారం పట్టుకుని దుకాణానికి వచ్చాడు. బీరువా ముందు ఆగి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగనే చేసినవ్ గని, ఇవన్నిటికి పిడి తప్పున్నది" అన్నాడు. "ఆ నడిమిది ఒక్కటే సరిగ్గున్నది."

"అవును" అన్నాడు పండరి, కుర్చీ లాగి వేస్తూ. "కూసోండి. అది చేసినాయన పేరు భద్రు."